బోడగుట్ట మలుపులో నిలబడ్డ మనిషి

గోదావరిఖని నుంచి రామగుండం స్టేషనుకు పోయే దారిలో, సగం దూరాన, బోడగుట్ట అని ఒక రాతిగుట్ట ఉండేది. చెట్టూ చేమా లేని గుట్ట. రోడ్డు దాని నడుము చుట్టూ తిరిగి పోయేది. ఆ మలుపులో ఒక చిత్రం ఉంది. స్టేషను వైపు నుంచి లారీ వస్తుంటే, దాని చప్పుడు గని వైపు నుంచి వస్తున్నట్టు వినపడేది. చప్పుడు గుట్టకు కొట్టుకుని దిక్కు మార్చుకుంటుందని తెలిసినవాళ్లు చెప్పేవాళ్లు. తెలియనివాళ్లు ఆ చప్పుడును నమ్మి పక్కకు జరిగేవాళ్లు. ఒక్కోసారి లారీ సరిగ్గా ఆ పక్కకే వచ్చేది.

ఆ గుట్ట కింద ఏడెనిమిది గుడిసెల్లో సారవ్వది ఒకటి. కమాన్‌పూర్ పక్క పల్లెలో వర్షం మీద ఆధారపడిన ఎకరం భూమి వదిలేసి, బాయిలు తెరిచిన కొత్తలో ఆమె మొగుడు పోశం ఇటు వచ్చాడు. బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. పోశం లోపలికి దిగి తట్టతో టబ్బుల్లో బొగ్గు నింపేవాడు. నెమ్మదస్తుడు. మాట కూడా తూచినట్టు మాట్లాడతాడు.

సారవ్వ ఒంటరిగా కాపురానికి రాలేదు. తమ్ముడు ముత్యాన్ని చంకన వేసుకుని వచ్చింది. తల్లి పోయేనాటికి వాడికి మూడేళ్లు, ఆమెకు పన్నెండు. ఆమెకు పిల్లలు పుట్టలేదు. వాడే తమ్ముడు, వాడే కొడుకు.

పెద్దవాడయ్యాక పోశం వాణ్ని బాయిలో పెట్టించాడు. ముత్యం ఒక్క షిఫ్టు చేసి పైకి వచ్చి, నల్లటి మొహంతో గుడిసె ముందు కూలబడ్డాడు. "నేను మల్ల దిగ అక్కా. గా చీకట్ల ఊపిరి ఆడలే. మీద ఎండల సచ్చినా మంచిదే" అన్నాడు. తర్వాత ఎవరెవరి వెంటో తిరిగి లారీ నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లు నిండగానే ఒక కంత్రాటుదారు దగ్గర బొగ్గులారీ మీద డ్రైవరయ్యాడు. గనుల దగ్గర నింపుకుని స్టేషనులో దించి రావడం పని.

ఆ లారీల మీద ఉన్నవాళ్లంతా ఆ ఈడువాళ్లే. ఎవరు ముందు పోయి ముందు వస్తారన్నదే వాళ్ల గొప్ప. బోడగుట్ట మలుపు వాళ్లకు పరీక్ష. మలుపు తిరిగేటప్పుడు కాలు తీయకుండా అలాగే తొక్కి పట్టినవాడు డ్రైవరు, తీసినవాడు పిరికివాడు. ముత్యం ఏనాడూ కాలు తీయలేదని మిగతావాళ్లు చెప్పుకునేవాళ్లు. మలుపు అందుకోగానే వాడు మూడుసార్లు హారను కొట్టేవాడు. గుడిసెలో సారవ్వ మొహం వెలిగిపోయేది.

"మా ముత్యం గింత అన్నం ఉడికే లోపట స్టేషన్ పోయి వస్తడు తెలుసా?" అని పక్క గుడిసె సమ్మవ్వతో చెప్పుకునేది.

పోశానికి మాత్రం అది నచ్చేది కాదు. "వాని ఊపు నాకు మంచిగ కొడ్తలేదు సారా. నీ మాటైతే ఇంటడు. నువ్వన్న చెప్పు" అన్నాడొకసారి.

"నువ్వు సైకిలెక్కుతందుకే భయపడ్తవు. వాడు నీ లెక్కనా?" అని ఆమె నవ్వేసింది. ఆ నవ్వు తర్వాత ఆమెకు ఎన్ని పొద్దులు గుర్తుకొచ్చిందో లెక్కలేదు.

అరవై తొమ్మిది జనవరిలో ఒక తెల్లవారి, పొగమంచు గుట్టను మొత్తం మింగేసింది. ముత్యం లారీ ఆపి గుడిసె ముందే చాయ తాగాడు. "అన్నం పెట్టు అక్కా. ఉడికే లోపట వస్త" అని పోయాడు. ఆమె ఎసరు పెట్టింది. బియ్యం పోసింది. అన్నం ఉడికింది. గంజి వంచుతుండగా మూడు హారన్లు వినపడ్డాయి. గని వైపు నుంచి.

ఆమె పళ్లెం పట్టుకుని బయటికి వచ్చి గని వైపు చూసింది. మంచు తప్ప ఏమీ లేదు. లారీ కనపడలేదు గానీ చప్పుడు మాత్రం దగ్గరికి వస్తూనే ఉంది. స్టేషనుకు పోయినవాడు గని వైపు నుంచి ఎట్లా వస్తాడని ఆమెకు అప్పుడు తట్టింది. ఆ క్షణంలోనే ఆమె వీపు వెనక, గుట్ట అవతల, ఇనుము చీలిన చప్పుడైంది.

ఆమె ఉరికి పోయేసరికి లారీ పక్కకు ఒరిగి పడి ఉంది. పైకి లేచిన చక్రం ఒకటి ఇంకా తిరుగుతోంది. రోడ్డు అంచున సైకిలు ఒకటి నలిగి, గుర్తుపట్టలేకుండా ఉంది. సద్దిగిన్నె మూత ఊడి, అన్నం తెల్లగా కంకర మీద చెదిరి ఉంది. ఆ పక్కనే మనిషి. మొదటి షిఫ్టుకు పోతున్న తీతు. బాయిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసే మనిషి, ప్రతి ఆదివారం చర్చికి తెల్ల ధోవతితో పోయే మనిషి. అప్పటికే ఊపిరి లేదు.

ముత్యాన్ని బయటికి లాగి వేరే లారీలో పడుకోబెట్టారు. తల ఆమె ఒళ్లో ఉంది. దవాఖాన ఇంకా దూరం ఉండగానే వాడు కళ్లు తెరిచాడు.

"అక్కా... సైకిలాయన ఏడి?"

"మంచిగనే ఉన్నడు బిడ్డా" అంది సారవ్వ.

వాడు నమ్మినట్టే ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు.

పదకొండు రోజులైనాక ఆమె తీతు ఇంటికి పోయింది. పోవద్దని పోశం అన్నాడు. అయినా పోయింది. తీతు భార్య సత్యవతి తిడుతుందని, చేయి చేసుకున్నా పడాలని అనుకుని పోయింది. సత్యవతి తిట్టలేదు. చెంబుతో నీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. ఒకే మాట అంది.

"మా ఆయన ఏడేండ్లు గదే తొవ్వ తొక్కిండు సారవ్వా. ఒక్కనాడు నడిమిట్ల పోలే. అంచుకే పోతుండె. గా అంచుకే వచ్చి కొట్టిండు నీ తమ్ముడు."

సారవ్వ చెంబు కింద పెట్టి లేచింది. కొన్నాళ్లకు సత్యవతి పిల్లల్ని తీసుకుని మందమర్రిలో అన్నగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ వాళ్లిద్దరూ కలవలేదు.

ప్రమాదమైనాక వారం రోజులు లారీలు మలుపులో నెమ్మదిగా పోయాయి. రెండో వారం మామూలే. మూడో వారం మొదటి షిఫ్టుకు పోయే ఇద్దరు మనుషులు చప్పుడును నమ్మి తప్పు పక్కకు జరిగి, లారీ తాకి కాలువలో పడ్డారు. బతికారు. లారీ ఆగలేదు. సారవ్వ గుడిసె గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ డ్రైవరు ముత్యంతో కలిసి తమ గుడిసెలో అన్నం తిన్నవాడే.

ఒకరోజు స్టేషను దగ్గర రైలుగేటు మూసి ఉంటే ఆమె ఆగింది. గేటు మనిషి ఎర్రజెండా ఊపాడు. అంత పెద్ద బొగ్గురైలు మూలుగుతూ, కీచుమంటూ, చివరికి ఆగింది. సారవ్వ దాన్నే చూస్తూ నిలబడింది. ఇంటికి వచ్చి పాత ఎర్రచీర కొంగు చింపింది.

మర్నాడు పొద్దు పొడవకముందే, మొదటి షిఫ్టు కూత కూయక ముందే, మలుపులో ఒక రాతి మీద నిలబడింది. బొగ్గుదుమ్ము ముక్కులోకి పోకుండా మొహానికి గుడ్డ చుట్టుకుంది. చప్పుడు మోసం చేస్తుందని ఆమెకు తెలుసు కాబట్టి చెవులను నమ్మలేదు, పాదాలను నమ్మింది. బరువైన బండి వస్తుంటే రాయి ముందుగా సన్నగా వణికేది. ఆ వణుకు అరికాలికి తగలగానే ఎర్రగుడ్డ ఎత్తి ఊపేది.

మొదట్లో తిట్లే దొరికాయి. "ఏయ్, సావాలెనా? జరుగు!" అని అరుచుకుంటూ పోయేవాళ్లు. ఒకడు ఆమె మీదికే పోనిచ్చి చివర్లో తిప్పాడు. బొగ్గుపెళ్ల ఒకటి రాలి ఆమె భుజాన్ని కోసింది. ఆమె జవాబు చెప్పలేదు. చెప్పినా ఆ రొదలో వినపడదు. ఎండ వచ్చి షిఫ్టు మనుషులంతా దాటాక గుడిసెకు వచ్చేది.

వానాకాలం నాటికి లారీలు మలుపులో ఆగినంత పని చేస్తున్నాయి. గేరు మార్చి, హారను కొట్టి, ఎద్దుబండి వేగంతో తిరుగుతున్నాయి. పిల్లలు మాట విన్నారని సారవ్వ సంతోషపడింది. అసలు సంగతి ఆమెకు బావి దగ్గర తెలిసింది. సమ్మవ్వ బొక్కెన పైకి లాగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"సారవ్వా, పొద్దుగాల్ల మలుపు దిక్కు పోకు. మీ ముత్యం పోయిన కాడ ఆడ దయ్యం తిరుగుతున్నదట. మొకం ఉండదట. ఎర్రగుడ్డ ఊపుతదట. ముందట కనబడ్డది, అద్దంల చూస్తె లేదని డ్రైవర్లు చెప్తున్నరు. పాదాలు ఎనకకు తిరిగి ఉన్నయట!"

సారవ్వ బిందె ఎత్తుకోవడం మరిచిపోయి నిలబడింది. తన గురించి తనకే ఎవరో చావుకబురు చెప్పినట్టుంది. నేనే అది అని చెబుదామని నోరు తెరిచింది. లారీలు నెమ్మదిగా పోతున్నది ఎందుకో అప్పుడర్థమైంది. నోరు మూసుకుని బిందె నెత్తిన పెట్టుకుంది.

మర్నాడు ఆమె నిలబడే రాతి మీద పసుపు బియ్యం, కోసిన నిమ్మకాయలు, రెండు నల్లగాజులు ఉన్నాయి. కొబ్బరికాయ ఇంకా తడిగా ఉంది. ఎవరో భయపడి, దండం పెట్టి పోయారు. ఆమె ఆ గాజులను చేత్తో పట్టుకుంది. సరిగ్గా ఆమె చేతి కొలతవే. గాజులు కింద పెట్టేసింది. ఆ పొద్దు ఎర్రగుడ్డ ఎత్తినప్పుడు, ఎత్తింది తన చేయేనా అని రెండుసార్లు చూసుకుంది.

పోశానికి అంతా తెలుసు. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని, కలపకుండానే అన్నాడు. "జనం నిన్ను ఏమంటున్నరో నాకు బాయిల ఇనబడ్డది. నువ్వు మనిషివి సారా. మనిషి లెక్క ఉండు."

"మనిషి లెక్క చెప్తె ఇనలే గదా" అంది ఆమె.

మర్నాటి నుంచి పోశం షిఫ్టుకు పోతూ మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆమెతో మాట్లాడకుండా, తలూపి పోయేవాడు. చూసినవాళ్లు పోశం దయ్యానికి దండం పెడుతున్నాడనుకున్నారు.

అట్లా రెండేళ్లు గడిచాయి. బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక ఆ రోడ్డు మీద బండ్లు పెరిగాయి, కొత్త డ్రైవర్లు పెరిగారు. వచ్చిన ప్రతివాడికీ పాతవాళ్లు బోడగుట్ట సంగతి చెప్పేవాళ్లు. మలుపులో మనుషులు చావడం ఆగింది. కానీ సారవ్వలో ఏదో మారింది. పొద్దున్నే లేచి రాతి దగ్గరికి పోయేదాకా నోట మాట వచ్చేది కాదు. డ్రైవర్ల కళ్లలో భయం చూసి చూసి, ఎదురుగా మనుషులు నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో అంతుపట్టేది కాదు. బురదగుంటలో తన నీడ కనపడితే వెనక్కి జరిగేది. అప్పుడప్పుడూ మూడు హారన్లు వినపడేవి. పాదం కింద రాయి వణికేది కాదు. బండి వచ్చేది కాదు. అయినా ఆమె గుడ్డ ఎత్తేది.

డెబ్బై ఒకటి ఎండాకాలంలో, మధ్యాహ్నం, గుడిసె ముందుకు ఒక పిల్లవాడు నడిచి వచ్చాడు. పిల్లవాడంటే ఇరవై రెండేళ్లుంటాయి. సిమెంటు లారీ మీద కొత్త డ్రైవరు, పేరు బిక్షం. అందరికన్నా ఉరుకుడు మనిషని పేరు. సారవ్వ గుమ్మంలో కూర్చుని రొట్టె తింటోంది. గుంజకు ఎర్రగుడ్డ ఆరేసి ఉంది. వాడు దాన్ని చూశాడు. తర్వాత ఆమె పాదాలు చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు... మనిషివా?" అన్నాడు.

"రొట్టె తింటున్న గదా" అంది సారవ్వ.

వాడు గట్టిగా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. "దయ్యం లేదు గియ్యం లేదు, నేను పోయి పట్టుకొస్తనని మావోల్లతోని శర్తు కట్టిన అక్కా. గిదేంది? రెండేండ్ల సంది గింతమందిని ఉత్తగ భయపెడ్తున్నవా? నేను పోయి చెప్త అందరికి."

"కూసో" అంది ఆమె. రొట్టె సగం తుంచి ఇచ్చింది. వాడు తీసుకున్నాడు.

అప్పుడు చెప్పింది, ముత్యం సంగతి, తీతు సంగతి. కంకర మీద చెదిరిన అన్నం సంగతి. తాను నవ్వేసిన సంగతి కూడా దాచలేదు. రెండేళ్లలో ఆమె అంత పొడుగు మాట్లాడడం అదే మొదటిసారి.

"గప్పుడు నేను గూడ జెప్పాలె వానికి, నిమ్మళంగ తోలు బిడ్డా అని. చెప్పలే. మురిసిన. ఇప్పుడు చెప్తందుకు వాడు లేడు. చెప్తె మీరు ఇనరు. దయ్యమంటె ఇంటున్నరు. నువ్వు పోయి మనిషే అని చెప్పినవనుకో, రేపటి సంది మల్ల కాలు తియ్యరు."

బిక్షం చేతిలో రొట్టె అలాగే ఉంది.

"చెప్పకు కొడుకా" అంది సారవ్వ. "నన్ను గట్లనే ఉండనియ్యి."

వాడు లేచాడు. "మరి నువ్వు? ఎన్ని దినాలు గిట్ల దయ్యం లెక్క?" అన్నాడు. ఆమె గుంజ మీది గుడ్డ ఆరిందో లేదో తడిమి చూసుకుంది. వాడు పోయి, గుట్ట దగ్గర నిజంగానే చూశానని, పాదాలు వెనక్కే ఉన్నాయని స్నేహితులతో చెప్పాడు. శర్తు ఓడిపోయాడు. ఆనాటి నుంచి తన లారీని ఎవరు దాటిపోయినా ఉరకలేదు. పిరికివాడన్నారు. అననిచ్చాడు. ఎప్పుడైనా అటు నడిచి వస్తే ఆమెకు బెల్లమో, చాయపత్తో ఇచ్చి పోయేవాడు.

తర్వాత బిక్షం షిఫ్టు బస్సు మీద డ్రైవరయ్యాడు. మొదటి షిఫ్టు కార్మికులను ఎక్కించుకుని పొద్దున్నే మలుపు దాటడం ఇప్పుడు వాడి డ్యూటీ.

డెబ్బై మూడు డిసెంబరులో సారవ్వ చలిజ్వరంతో పడిపోయింది. మూడు రోజులు కళ్లు తెరవలేదు. తల పగిలిపోతుందని మూలుగుతుంటే, సమ్మవ్వ చేతికందిన ఎర్రగుడ్డ తీసి నుదుటికి బిగించి కట్టింది. మూడు ముళ్లు వేసింది. నాలుగోనాడు పొద్దెక్కాక గుడిసె ముందు బస్సు ఆగింది. బిక్షం లోపలికి వచ్చాడు. వస్తూనే ఆమె కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

"నలభై మంది పానాలు కాపాడినవ్ అక్కా."

సారవ్వకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. "పొద్దుగాల మంచుల ఏం కనబడలే. లేటయిందని నేను గూడ జెర తొక్కినా, అబద్ధమాడ. మలుపు కాడికి రాంగనే నువ్వు గుడ్డ ఊపినవ్. రోజు లెక్క రాతి మీద కాదు, రోడ్డు నడిమిట్లకే వచ్చినవ్. బిరేకు మీద లేచి నిలబడ్డ. దిగి సూస్తె ఏమున్నది? మలుపు అవుతల కర్రలలారీ అడ్డం పడి ఉన్నది. ఇగ పది అడుగులు పోతె..."

వాడి చూపు ఆమె నుదుటి మీద పడింది. ఎర్రగుడ్డ. మూడు ముళ్లు. చెమటకు తడిసి, ఎండి, నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"అక్క ఎప్పుడు వచ్చింది లోపటికి?" అని వాడు సమ్మవ్వను అడిగాడు.

"యాడికి పోయిందని వచ్చుడు?" అంది సమ్మవ్వ. "మూడు దినాల సంది మంచం దిగలే. పొద్దంత నేనే ఉన్న పక్కపొంటి. లేపి నీళ్లు తాపుడే కష్టమాయె."

బిక్షం లేచి నిలబడ్డాడు. తాను చూశానని, బస్సులో ముందు కూర్చున్నవాళ్లు కూడా చూశారని అన్నాడు. సారవ్వ చేయెత్తి నుదుటి మీది గుడ్డను తడుముకుంది. ముడి విప్పబోయింది. విప్పలేకపోయింది. ఇన్నేళ్లలో ఆమెను చూసి ఎంతోమంది భయపడ్డారు. ఆమెకు భయమేసింది మాత్రం ఆ రోజే.

పది రోజులకు జ్వరం తగ్గింది. లేచి తిరుగుతున్నా మలుపు దిక్కు పోలేదు. పోశం అడగలేదు. పన్నెండో నాడు తెల్లవారి పోశం షిఫ్టుకు బయలుదేరుతుంటే, ఆమె కూడా మొహానికి గుడ్డ చుట్టుకుని లేచింది. "నేను వస్త" అంది.

మంచు చిక్కగా ఉంది. పోశం తలూపి గని వైపు సాగిపోయాడు. అతని చెప్పుల చప్పుడు కాసేపు వినపడి ఆగిపోయింది. ఆమె రాతి మీదికి ఎక్కింది. గాలి లేదు. దూరాన మొదటి షిఫ్టు కూత కూసింది. అప్పుడు రోడ్డుకు అవతలి పక్క, తీతు పడిన అంచు దగ్గర, ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించింది.

మంచులో మనిషి ఎత్తు తెలిసింది. మొహం తెలియలేదు. ఆడో మగో తెలియలేదు. ఆమె కదిలితే కదలలేదు. తన నీడేమో అనుకుంది. నీడ పడేందుకు ఎండ లేదు.

"ఎవరు?" అంది. మళ్లీ అడిగింది. జవాబు లేదు. గుట్ట మాత్రం ఆమె మాటనే వేరే దిక్కు నుంచి తిప్పి పంపింది.

అరికాలి కింద రాయి సన్నగా వణికింది. బండి వస్తోంది. పారిపోవడానికి వ్యవధి ఉంది. ఆమె పారిపోలేదు. అవతలి పక్కకు, ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"సరే. నువ్వటు సూడు. నేనిటు సూస్త."

గుడ్డ ఎత్తింది. లారీ వచ్చింది, గేరు మార్చుకుంది, నెమ్మదిగా తిరిగిపోయింది. దాని దుమ్ము తగ్గాక అవతల ఎవరూ లేరు.

ఆ తర్వాత మూడు చలికాలాలు ఆమె ఆ రాతి మీద నిలబడింది. అవతలి పక్కకు రోజుకు ఒక్కసారే చూసేది. కొన్ని పొద్దులు ఉండేది, కొన్ని పొద్దులు ఉండేది కాదు. ఎవరని మళ్లీ అడగలేదు. పోశానికి ఒక్కనికే చెప్పింది. అతను నవ్వలేదు. "ఒక్కదానివే ఉన్నవని నాకు ఫికర్ ఉండె" అన్నాడు, అంతే.

డెబ్బై ఏడులో రోడ్డు వెడల్పు చేశారు. మందుపెట్టి బోడగుట్టను నడిమికి పేల్చి, రోడ్డును తిన్నగా తీశారు. గుడిసెలు లేపేశారు. పోశానికి అప్పటికే క్వార్టరు వచ్చింది. రెండు గదులు, నల్లా, కరెంటు. గుట్ట పోయాక చప్పుడు కూడా తిన్నగా రాసాగింది. ఎటు నుంచి వచ్చే బండి అటు నుంచే వినపడేది. ఎర్రగుడ్డ అప్పటికే చివికిపోయింది. క్వార్టర్లో దానితో పొయ్యి మీది గిన్నెలు దించేది.

క్వార్టర్లలో ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. పోశం పెండ్లాం అనేవాళ్లు. పక్కింటివాళ్ల దగ్గర చింతపండు బదులు తెచ్చుకునేది, నల్లా దగ్గర పోట్లాడేది. మొదట్లో ఎవరైనా తన మొహంలోకి సూటిగా చూసి మాట్లాడితే కళ్లు దించుకునేది. మెల్లగా అదీ పోయింది.

మరుసటి ఏడు బిక్షానికి కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజు పండుగకు రమ్మని కబురు పంపాడు. ఇల్లు బసంత్‌నగర్‌లో. పోశానికి డ్యూటీ ఉండడంతో ఆమె ఒక్కతే బస్సెక్కింది. తలకు నూనె రాసుకుని, కొత్తచీర కట్టుకుని, డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది.

డ్రైవరు కుర్రవాడు. రామగుండం దాటగానే పక్కనుంచి ఒక లారీ దాటి పోయింది. వాడు పళ్లు బిగించి తొక్కాడు. తిన్నటి కొత్త రోడ్డు. కిటికీ రేకులు దడదడలాడాయి. వెనక నుంచి ఎవరో "కొట్టు, కొట్టు!" అని నవ్వారు. సారవ్వ అరికాళ్ల కింద బస్సు నేల వణికింది.

ఆమె లేచింది. ముందు కడ్డీ పట్టుకుని డ్రైవరు పక్కకు వచ్చింది.

"కూసో అవ్వా, పడ్తవ్" అన్నాడు వాడు, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

"బిడ్డా, నాకు ఒక తమ్ముడు ఉండె" అంది సారవ్వ. "నీ అంతే ఉండె. ముత్యం వాని పేరు."

వాడు చిరాగ్గా తల తిప్పాడు. ఆమె మొహానికి గుడ్డ లేదు. చేతిలో ఏమీ లేదు. ఎండలో, నలుగురి మధ్య, మామూలు గొంతుతో ఆమె చెప్పుకుంటూ పోయింది. గుట్ట గురించి, పొయ్యి మీది అన్నం గురించి, అంచున పోతున్న తీతు గురించి. సైకిలాయన ఏడని ముత్యం అడిగిన మాట దగ్గర ఆమె ఆగింది. వెనక నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి నిలబడ్డాడు.

లారీ ముందు పోయి పోయి చుక్కంత అయింది. బస్సు వేగం తగ్గింది. ఎప్పుడు తగ్గిందో ఎవరూ గమనించలేదు.

"ఏడ దిగుతవ్ అవ్వా?" అని అడిగాడు డ్రైవరు, కాసేపటికి.

"ఫ్యాక్టరీ కాడ."

వాడు బస్సును రోడ్డు కిందికి తీసి, ఆమె రెండు కాళ్లూ నేలకు ఆనేదాకా ఆపి ఉంచాడు. తర్వాత ఎంత వేగంగా పోయాడో ఆమె చూడలేదు.

బిక్షం ఇంటి ముందు పందిరి వేసి ఉంది. వాడు ఎదురొచ్చి ఆమె చేతి సంచి అందుకున్నాడు. "ఒక్కదానివే వచ్చినవా అక్కా? ఎట్ల వచ్చినవ్?"

"బస్సుల" అంది సారవ్వ, నీళ్లతో కాళ్లు కడుక్కుంటూ. "డ్రైవర్ పిలగానితోని ముచ్చట పెట్టుకుంట వచ్చిన."